పెద్ద డ్రమ్ము మీద ఆ రెండు దెబ్బలు

బ్యాండ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనబడినా నన్ను ఒకటే అడుగుతారు, "సార్, పరేడ్ల జరిగిన నవ్వులాటలు చెప్పుండ్రి" అని. ఏం చెప్పను? పోలీసు బ్యాండ్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పెద్ద డ్రమ్ము మోసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయినవాణ్ణి. మోకాళ్ళు అరిగాయి. ఎడమ చెవిలో పొద్దస్తమానం ఈల మోగుతూ ఉంటుంది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ముసలివాణ్ణి అడగడానికి ఇంకేమీ లేనట్టు అందరికీ నవ్వు కథలే కావాలి. పోనీ, చెబుతాను. అయితే నేను ఇన్నేళ్ళూ అందరినీ నవ్విస్తూ వచ్చిన కథ ఒకటుంది. దాన్ని మాత్రం ఇదివరకు చెప్పినట్టు చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఇష్టమైతే నవ్వండి.

పెద్ద డ్రమ్ము వాయించేవాడికి తన కాళ్ళు తనకు కనబడవు. గుంత ఉన్నా, పేడ ఉన్నా, మైకు వైరు ఉన్నా తొక్కిన తర్వాతే తెలుస్తుంది. గడ్డం కింది నుంచి పొత్తికడుపు దాకా డ్రమ్మే. డ్రమ్ముకూ పొట్టకూ మధ్య చిరుతపులి తోలు కట్టుకోవడం తెల్లవాళ్ళ కాలం నుంచి వస్తున్న పద్ధతి. మాకు చిరుతపులి ఎక్కడ దొరుకుతుంది? చుక్కల మఖ్మల్ గుడ్డ కొని పోలీస్ లైన్ల దగ్గరి దర్జీకి ఇచ్చాం. దర్జీ పనిమంతుడు, అడగకుండానే తోక కూడా కుట్టాడు.

ఆ తోకే నా కొంప ముంచింది. రాష్ట్రం వచ్చిన కొత్తలో, అవతరణ దినం పరేడ్‌లో, మా బ్యాండ్ వెనకాలే కుక్కల దళాన్ని నడిపించారు. అందులో ఒక కుక్క బాంబుల వాసన పట్టడంలో పేరు మోసింది. అది పది అడుగులు నడిచిందో లేదో నా వెనకాల వేలాడుతున్న పులి తోకను చూసింది. నడుం చుట్టూ తిప్పి కట్టిన గుడ్డ కదా, తోక వెనక్కి పడి ఊగుతూ ఉంది. ఒక్క దూకు దూకి తోక పట్టుకుంది. దాన్ని తెచ్చిన కానిస్టేబుల్ గొలుసు లాగుతుంటే అది నన్ను లాగుతోంది. ఇంతలో వేదిక ముందుకొచ్చాం. "దాహినే దేఖ్" అనగానే అందరి తలలూ వేదిక వైపు తిరిగాయి, నా తల ఒక్కటే కుక్క వైపు తిరిగింది. మఖ్మల్ తోక తెగి దాని నోట్లోకి పోయేదాకా నేను డ్రమ్ము కొడుతూనే నడిచాను. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అందులో కుక్క చాలా బాగా వచ్చింది.

ఇంకోసారి రిహార్సల్లో పట్టీ కొక్కెం విరిగి డ్రమ్ము కింద పడింది. మా పరేడ్ గ్రౌండు ఒక పక్కకు వాలుగా ఉంటుంది. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి వ్యవసాయ శాఖ శకటం మీది అట్టముక్కల ఎద్దుకు తగిలి ఆగింది. వరుస చెడితే తిట్లు తప్పవని నేను ఉత్త చేతులతోనే గాలిని కొడుతూ నడిచాను. పక్కవాళ్ళు నా చేతులు చూసి కదం కలిపారు. అయిపోయాక పెద్దసారు దగ్గరికొచ్చి, "ఇవ్వాళ పెద్ద డ్రమ్ము మోత జర తక్కువుంది. గిట్లనే ఉండాలె" అని మెచ్చుకుని పోయాడు. నా జన్మలో నా వాయింపును మెచ్చుకున్న అధికారి ఆయనొక్కడే.

ఇవన్నీ సరదా. అసలు తిప్పలు దసరాకు కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మొదలయ్యాయి. జిల్లాను మూడు ముక్కలు చేశారు, బ్యాండ్‌ను కూడా చేయాలి కదా. మనుషులను సీనియారిటీ పట్టిక ప్రకారం పంచారు, సామానును సామాను పట్టిక ప్రకారం పంచారు. రెండు పట్టికలూ రెండు సెక్షన్లలో తయారయ్యాయి. ఒకరి కాగితం ఒకరు చూడలేదు. వరుడు ఒక బస్సులో, బాసింగం ఇంకో బస్సులో బయల్దేరినట్టు నడుం పక్కన వేలాడే చిన్న సైడ్ డ్రమ్ములు మాకు వచ్చాయి, వాటిని కొట్టేవాళ్ళు పక్క జిల్లాకు పోయారు. అక్కడ వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చున్నారు, ఇక్కడ డ్రమ్ములకు దుమ్ము పట్టింది. ఇచ్చిపుచ్చుకుంటామని రెండు దిక్కుల నుంచీ అర్జీలు పోయాయి. జవాబు ఒకటే వచ్చింది: ఉన్నవాళ్ళతో నెట్టుకురండి.

ఉన్నవాళ్ళంటే హోంగార్డులు. చేతిలో లయ ఉన్నవాళ్ళను ఏరుకు రమ్మని నన్ను తోలారు. నేను బస్సెక్కి స్టేషన్‌కొక స్టేషన్ తిరిగాను. ఒకడికి చేతిలో లయ ఉంటే కాలిలో లేదు, ఒకడికి రెండూ ఉంటే సిగ్గు. నాలుగో రోజున నార్కట్‌పల్లి దాటాక హైవే మీద ఒక కూడలిలో బస్సు ఆగింది. రాళ్ళ లారీలు పోయినప్పుడల్లా అక్కడ మనిషి మనిషికి కనబడడు, అంత దుమ్ము. ఆ దుమ్ములో ఎవరో ఇనుప బారికేడు మీద కర్రతో దరువు వేస్తున్నారు. దిగి చూశాను. ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న హోంగార్డు, ముప్పై ఐదేళ్ళుంటాయి, ముక్కుకు దస్తీ కట్టుకుని ఉన్నాడు. చేత్తో లారీని ఆపుతున్నాడు, రెండో చేత్తో దరువు తప్పడం లేదు.

"ఎక్కడ నేర్చినవ్ తమ్మీ?" అన్నాను.

"మోత్కూర్ దిక్కు మా ఊరు సార్. చర్చిల పాటలకు డోలక్ కొడుత" అన్నాడు. ఆ రెండు ముక్కలు చెప్పడానికే మధ్యలో దగ్గు ఆపుకోవడానికి బారికేడు పట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా ఆ కూడలిలోనే డ్యూటీ అట. రాత్రిళ్ళు పడుకుంటే దమ్ము ఆడదట. "దవాఖానల డాక్టర్ దుమ్ముల నిలబడొద్దన్నడు సార్. నిలబడకుంటే డ్యూటీ ఏడున్నది?" అని నవ్వాడు.

వారం తిరగకుండా అతన్ని బ్యాండ్‌కు రప్పించాను. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి, అవి మరీ ఎక్కువేం లేవు. పోలీస్ లైన్లలో పొద్దున్నే వేపచెట్ల కింద ప్రాక్టీసు. దుమ్ము లేదు, లారీలు లేవు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది, మనిషి నిండుగా అయ్యాడు. కాని భయం మాత్రం పోలేదు. రోజూ డ్రమ్ము దించి గుడ్డ కప్పేటప్పుడు అడిగేవాడు, "సార్, నన్ను మల్ల రోడ్డు మీదికి పంపరు గద?"

"నేనున్నంక ఎవడు పంపుతడు?" అనేవాణ్ణి. మీసం తిప్పి మరీ అనేవాణ్ణి.

మీకు ఇక్కడ ఒక్క సంగతి తెలియాలి. పెద్ద డ్రమ్ము మీద మామూలుగా ఎడమ అడుగుకొక దెబ్బ పడుతుంది. పాట ఆపాలంటే రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా వేస్తాం. అవి పడితే బాకాలు నోటి నుంచి దిగాలి, సైడ్ డ్రమ్ము కర్రలు ఆగాలి. అయితే ఆ రెండు దెబ్బలు నా ఇష్టం వచ్చినప్పుడు వేసేవి కావు. ముందు నిలబడ్డ బ్యాండ్ మేజర్ వెండిపిడి కర్ర పైకి లేపాలి, అప్పుడు నేను వేయాలి. మొదటి వారంలో అతను రెండుసార్లు ఆగకుండా నాలుగు దెబ్బలు ముందుకు పోయాడు. అందరూ నవ్వారు. నేను పక్కకు పిలిచి చెప్పాను, "చెవి ఒక్కటే సాలదు తమ్మీ, కన్ను గూడ పెట్టాలె. మేజర్ సాబ్ కర్ర లేవాలె, నా దెబ్బ పడాలె. రెండూ అయితెనే ఆపు." ఆ తర్వాత ఇంకెప్పుడూ తప్పలేదు. మా వాళ్ళు మాత్రం ఆ మొదటి వారాన్నే గుర్తుపెట్టుకున్నారు.

ఇక ఆ రోజు. మళ్ళీ అవతరణ దినమే. నేను రిటైరవడానికి ఇంకా ఆరు నెలలుంది. పెద్ద నాయకుల పర్యటన అని అంతకు ముందు మూడు రోజులు బ్యాండ్ వాళ్ళను కూడా రోడ్ల పక్కన బందోబస్తుకు నిలబెట్టారు. నిలబడినచోటే తినడం, నిలబడినచోటే తూగడం. నాలుగో రోజు పొద్దున్నే ఎర్ర కోటు, తెల్ల పట్టీలు, తలమీద తురాయి. జూన్ ఎండ మీకు చెప్పాలా? ఎనిమిదింటికే కోటు లోపల చెమట కారి బూట్లలోకి దిగింది.

మేం వేదికకు ఎదురుగా వరుసగా నిలబడి వాయిస్తున్నాం. నా కుడి పక్కన అతను. పొద్దున అతని ముఖం పండగలా ఉంది. "మా బిడ్డ గూడ పరేడ్ల ఉన్నది సార్, గురుకులం పిల్లలల్ల. మూడో లైన్ల మొదటి పిల్ల" అని నాకు నాలుగుసార్లు చెప్పాడు. తొమ్మిదో తరగతి చదువుతోందట. తండ్రి డ్రమ్ముకు బిడ్డ కదం తొక్కడం ఎంత మందికి దొరుకుతుంది? నాకూ సంతోషమే అనిపించింది.

సాయుధ దళం పోయింది. మహిళా పోలీసులు వేదిక ముందుకు వచ్చారు. వాళ్ళ వెనక ఎన్‌సీసీ, వాళ్ళ వెనక గురుకులం ఆడపిల్లలు. అదే పాట, అదే దెబ్బ, ఎడమ, ఎడమ, ఎడమ. ముప్పై ఏళ్ళు కొట్టిన చేతులు మనిషి లేకపోయినా కొడతాయి. నేను లేను. నిలబడే నిద్రపోయాను. ఎంతసేపు అంటే చెప్పలేను, నాలుగడుగులో, పదడుగులో. మైకులో ఎవరో "ఇప్పుడు మన ముందుకు వస్తున్నది" అని గట్టిగా అరిచారు. ఉలిక్కిపడి లేచాను. ఎక్కడున్నానో తెలియలేదు, దెబ్బ తప్పిపోయిందేమో అన్న భయంతో చేతులు రెండూ ఒకదాని వెంట ఒకటి డ్రమ్ము మీద పడ్డాయి. ధన్ ధన్, దగ్గర దగ్గరగా రెండు.

బ్యాండ్ మొత్తం ఆగిపోయింది. బాకాలు దిగాయి, తాళాలు ఆగాయి, మిగతా సైడ్ డ్రమ్ముల కర్రలన్నీ చంకల్లోకి పోయాయి. వేదిక ముందు మహిళా పోలీసుల కాళ్ళు తడబడి ఒకరి మడమ ఒకరు తొక్కారు. ఎన్‌సీసీ పిల్లల్లో సగం ఎడమ, సగం కుడి. అంత పెద్ద మైదానంలో ఒకే ఒక్క చప్పుడు వినిపిస్తోంది, నా పక్కనున్న హోంగార్డు సైడ్ డ్రమ్ము. అతనొక్కడే ఆపలేదు. కన్ను మేజర్ కర్ర మీద పెట్టి, తల తిప్పకుండా కొడుతూనే ఉన్నాడు. ఆ ఒంటి డ్రమ్ము మీద గురుకులం ఆడపిల్లలు మాత్రం కదం చెడకుండా వచ్చారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. అందరూ ఆగాక ఒక్కడే వాయిస్తుంటే నవ్వకేం చేస్తారు? మేజర్ కర్ర ఊపి మళ్ళీ పాట ఎత్తించేలోగా జరగాల్సింది జరిగిపోయింది.

పరేడ్ అయ్యాక నీళ్ళ ట్యాంకర్ వెనకాల ఆర్.ఐ. సారు, అంటే మా మీది రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, మమ్మల్ని వరుసగా నిలబెట్టాడు. ఆయన ముఖం చూస్తే ఎవరి ఉద్యోగమో ఇవ్వాళ పోతుందనిపించింది.

"ఎవడు చేసిండ్రా గీ పని? కలెక్టర్ మేడం ముందల ఇజ్జత్ తీసిన్రు గద!"

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. బాకాల వాళ్ళు, "మాది కాదు సార్, డ్రమ్ములల్ల గడబిడైంది" అన్నారు. తాళాల వాడు, "మేమందరం ఆపినం సార్, హోంగార్డు ఒక్కడే ఆపలే" అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. "వీడు మొదట్ల గూడ గట్లనే చేసేటోడు సార్" అని ఇంకొకడు అందించాడు. బ్యాండ్ మేజర్ నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. తన కర్ర లేవలేదని ఆయనకు తెలియదా? అయినా, ఇరవై ఏళ్ళ స్నేహం మాది.

ఆర్.ఐ. సారు నా ముందుకొచ్చి ఆగాడు. "నువ్వు సీనియర్‌వి. నువ్వు చెప్పు. గీ కొత్తోడు ఆపకపోవుడేనా?"

నా కాగితాలు అప్పటికే పెన్షన్ సెక్షన్‌కు పోయి ఉన్నాయి. డ్యూటీలో నిద్రపోయాడని ఒక్క మెమో పడితే అవి ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఒక మెమో వల్ల రిటైరై రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిన వాణ్ణి నేను కళ్ళారా చూశాను. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న సాకులు. అప్పుడు ఇంత ఆలోచన ఏమీ లేదు, భయం ఒక్కటే ఉంది.

"అవును సార్" అన్నాను.

"రేపటి సంది వీణ్ణి మల్ల ట్రాఫిక్‌కు తోలుండ్రి" అన్నాడాయన. ఉరుము ఉరిమి మంగళం మీద పడింది. అతను "సార్" అని ఒక్క మాట అన్నాడు. ఎవరినని అన్నాడో నేను చూడలేదు. మర్నాడు పొద్దున అతని డ్రమ్ము మీద గుడ్డ కప్పి ఉంది, నీటుగా నాలుగు మూలలూ మడిచి ఉంది.

తర్వాతి సంగతి ఇంకా అన్యాయం. ఎవరో సెల్‌ఫోన్‌లో తీశారు. అందరూ ఆగిపోతే ఒక్కడే డ్రమ్ము కొట్టే ఆ ముక్క వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. అతనికి 'ఒంటి డ్రమ్ము' అని పేరు పడింది. ఆరు నెలల తర్వాత నా వీడ్కోలు సభలో పిల్లలు అడిగితే నేనే లేచి ఆ కథ చెప్పాను. అతను కళ్ళు పెద్దవి చేసి మేజర్ కర్రను ఎలా చూస్తున్నాడో అభినయించి మరీ చూపాను. అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. దొంగకు తేలు కుట్టినట్టు లోపల ఉంది, అయినా నవ్వాను. ఆ తర్వాత ఎక్కడ నలుగురు కలిసినా అదే కథ, చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించసాగింది. నేను దిగిపోయిన కొన్నాళ్ళకు రిటైర్మెంట్ వయసు మూడేళ్ళు పెంచారు. నేను అంత భయపడి కాపాడుకున్న చివరి తేదీకి ఆపాటి విలువ.

మొన్నీమధ్య చెవి చూపించుకోవడానికి హైదరాబాదు పోయి బస్సులో తిరిగి వస్తున్నాను. ఆ కూడలిలో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే అతనే. జుట్టు సగం తెల్లబడింది. ముక్కుకు దస్తీ. ఒక లారీని ఆపి, రెండో లారీని పంపి, మధ్యలో బారికేడు మీద వంగి రొప్పుతున్నాడు. జేబులోంచి మందు గొట్టం తీసి నోట్లో పెట్టుకుని పీల్చాడు. నేను దిగలేదు. బస్సు కదిలింది. 

వారం రోజులు నాతో నేనే వాదించుకుని, ఆ కూడలికి పోయాను. బస్సు దిగి రోడ్డు దాటడానికే పావుగంట పట్టింది. అతను నన్ను చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"నమస్తే సార్. పానం మంచిగున్నదా? గిట్లొచ్చిన్రేంది?"

"నీకొక ముచ్చట చెప్పాలె తమ్మీ. గా దినం పరేడ్ల తప్పు నీది గాదు. నాది."

"నాకెర్కనే సార్" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

"ఎట్లెర్క?"

"మీ పక్కనే నిలబడితి గద. మీ కండ్లు మూతలు పడుడు చూసిన. మోచేతితోని తట్టుదామనుకున్న, డ్రమ్ము ఆగుతదని భయపడ్డ. రెండు దెబ్బలు పడ్డయ్, గని మేజర్ సాబ్ కర్ర లేవలే. కర్ర లేవకుంట ఆపొద్దని నాకు చెప్పింది మీరే."

"మరి ఆర్.ఐ. సారుకు చెప్పకపోతివి?"

అతను ఒక కారును చేత్తో పొమ్మని, నా వైపు తిరిగాడు. "నేను జెప్తె ఎవరు నమ్ముతరు సార్? మీరు జెప్తరని మీ దిక్కు చూసిన. మీరు బూట్ల దిక్కు చూసుకుంటున్నరు."

తిట్టినా బాగుండేది. ఇప్పుడున్న ఆర్.ఐ. గారి దగ్గరికి వస్తాను, ఎస్పీ గారికి కాగితం రాసిస్తాను, నిన్ను మళ్ళీ బ్యాండ్‌లోకి తీసుకొమ్మంటాను అని ఏదేదో అన్నాను.

"గా సార్లందరు ఎప్పుడో బదిలయిపోయిన్రు. బ్యాండ్ల అందరు కొత్త పోరగాండ్లే. నాకిప్పుడు పది నిమిషాలు డ్రమ్ము మోస్తె దమ్మొస్తది. గవన్నీ విడిచిపెట్టుండ్రి" అన్నాడు. ఎదురొచ్చిన ఆటోను చేత్తో ఆపి, "నాకు ఒక్కటే మనాది సార్. మా బిడ్డ" అన్నాడు.

"ఏమైంది బిడ్డకు?"

"ఏంగాలే. నర్సింగు చదువుతాంది. గా వీడియో వాళ్ళ హాస్టల్ల గూడ తిరిగింది అప్పట్ల. పిల్లలు ఒంటి డ్రమ్ము బిడ్డ అని ఏడిపించిన్రట. ఇంటికొచ్చి అడిగింది, బాపూ నువ్వెందుకు ఆపలే అని. తప్పు నాది గాదు బిడ్డా అని మొత్తం చెప్పిన. నమ్మలే. 'అందరు తప్పు, నువ్వు ఒక్కనివే రైటా బాపూ' అన్నది. గంతే. మల్ల ఆ ముచ్చట మేం ఎత్తలే. గని నేను ఏది చెప్పినా గట్లనే చూస్తది సార్, అబద్ధాలోన్ని చూసినట్టు."

అతను జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కి నా చేతిలో పెట్టాడు. "నాకు జెప్తె ఏమొస్తది సార్, నాకెర్కనే. దానికి జెప్పుండ్రి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. మీరు బస్సెక్కి పోతె మల్ల రారు."

ఎడమ చెవి వినబడదు కాబట్టి ఫోన్ కుడి చెవికి పెట్టుకున్నాను. "బాపూ" అంది ఆడపిల్ల గొంతు.

"బాపును కాదు బిడ్డా" అన్నాను. నేనెవరో చెప్పాను. ఆపకుండా చెప్పాను. "గా దినం పరేడ్ల పెద్ద డ్రమ్ము నేను కొడుతుంటి. నేను నిద్రపోయిన. తప్పు దెబ్బ నాది. మీ బాపు ఒక్కడే రైటు కొట్టిండు. మేమందరం తప్పు. మీరు కదం చెడకుంట నడిచిన్రంటె మీ బాపు డ్రమ్ము మీదనే నడిచిన్రు."

"మరి గప్పుడెందుకు చెప్పలే మీరు?" అంది.

ఆ పిల్ల అడిగినంత సూటిగా ఆర్.ఐ. సారు కూడా నన్ను అడగలేదు. "భయపడ్డ బిడ్డా" అన్నాను.

"బాపుకు ఇయ్యుండ్రి ఫోన్" అంది.

ఇచ్చాను. అతను ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వినబడేంత చెవి నాకు లేదు, వినే హక్కు కూడా లేదు. అతని వీపు ఒకసారి కదిలింది. దగ్గో, ఏడుపో తెలియలేదు. దస్తీ ముక్కు మీది నుంచి కిందికి లాక్కున్నాడు.

నాలుగు దిక్కులా హారన్లు మొదలయ్యాయి. కూడలి మధ్యకు రెండు వైపుల నుంచీ లారీలు ముక్కులు దూరుస్తున్నాయి. అతను తిరిగి చూడలేదు. నేను చేతిసంచిని బారికేడుకు తగిలించి రోడ్డు మీదికి దిగి చెయ్యెత్తాను. ఒంటి మీద ఖాకీ లేని ముసలివాణ్ణి చూసి మొదటి లారీ ఆగలేదు. రెండోది బూతులు తిట్టి పోయింది. మూడోది ఆగింది. అతని మాటలు అయ్యేదాకా నేను చెయ్యి దించలేదు.